తుపాను ముందు ప్రయాణము

ధ్యానమునకు: అపొస్తలుల కార్యములు 27:9–15, 2 సమూయేలు 23:13–17, యాకోబు 4:13–16

గత చలికాలములో మా సంఘమునకు చెందిన యొక యౌవనస్థుని యొద్దనుండి మాకొక ఉత్తరము వచ్చినది. అతడు మా ఆదివారపు బడిలో చదువుకొని, పైచదువు నిమిత్తము అమెరికాకు పోయి, ఇప్పుడు కాలిఫోర్నియా రాష్ట్రములోని శాక్రమెంటో పట్టణములో ఉద్యోగము చేయుచున్నాడు. ఆ ఉత్తరములోని ప్రశ్నను మొదట చూచినప్పుడు మాకు నవ్వు వచ్చినది. రెండవసారి చదివినప్పుడు నవ్వు పోయినది. ఇది అతని కొక్కనికే సంబంధించిన ప్రశ్న కాదని తోచుటచేత, అతని సెలవు పుచ్చుకొని, పేరు చెప్పక, ఈ నెల పత్రికలో దానినిగూర్చి వ్రాయుచున్నాము.

సంగతి యేమనగా, అతడును ముగ్గురు స్నేహితులును కలిసి బుధవారము నాడు టాహో సరస్సు దగ్గరనున్న కొండలకు స్కీయింగ్ ఆటకు పోవలెనని ఏర్పాటు చేసికొనిరి. మన పల్లెలలో అనేకులకు ఈ ఆట తెలియదు. రెండు పొడవైన సన్నని పలకలను బూట్లకు బిగించుకొని, చేతులలో రెండు కర్రలు పట్టుకొని, మంచు కప్పిన కొండమీదనుండి క్రిందికి జారుటయే స్కీయింగ్. పైకి పోవుటకు ఇనుప త్రాళ్లకు వ్రేలాడు కుర్చీలుండును. మన దేశములోను కాశ్మీరమందలి గుల్మార్గ్‌లో, ఉత్తరాఖండమందలి ఔలీలో ఈ ఆట కలదు. శని ఆదివారములలో ఆ కొండలకు పోవు దారులు బండ్లతో నిండిపోవును గనుక, వారము మధ్యను పోవుట మేలని వీరి తలంపు. ఆదివారము ఆరాధన తప్పిపోదని కూడ అతడు వ్రాసినాడు. అందుకు సంతోషించితిమి.

అయితే ఆ వారమే ఒక గొప్ప మంచుతుపాను పసిఫిక్ సముద్రము మీదనుండి వచ్చుచున్నదని వాతావరణ శాఖవారు తెలిపిరి. మంగళవారము మధ్యాహ్నము మొదలగును. బుధవారము ఉదయము కొన్ని గంటలు తెరపి యిచ్చును. సాయంకాలమునకు మొదటిదానికంటె బలమైన రెండవ భాగము వచ్చును. ఇది సూచన. మనమైతే తుపాను అనగానే పడవలను ఒడ్డుకు లాగుకొందుము. ఆ ఆట ఆడువారికి మాత్రము తుపాను ఒక విందు వంటిది. ఎవరి పాదమును పడని క్రొత్త మంచు మోకాలి లోతున పడియున్నప్పుడు దానిమీద జారుట దూదిమీద జారినట్లుండునట. అటువంటి మంచు తుపానుతోనే వచ్చును. జనము వచ్చి త్రొక్కగానే పోవును. కాబట్టి మంగళవారము సాయంకాలము దారి మూయకమునుపే కొండ యెక్కి, అద్దె గదిలో రాత్రి గడిపి, బుధవారము తెరపిలో ఆడుకొని, రెండవ భాగము రాకముందే దిగిపోవలెనని వీరు లెక్కవేసిరి. గది అద్దెయు ఆట రుసుమును ముందే కట్టిరి. ఆ సొమ్ము తిరిగి రాదు. నలుగురిలో ఒకడు ఆటలో ఆరితేరినవాడు. ఒకడు రెండుసార్లు మాత్రమే స్కీలు కట్టినవాడు. మరియొకనికి సెలవు లేదు గనుక ఆ దినము జ్వరమని కార్యాలయమునకు చెప్పదలచినాడు.

"అయ్యగారూ, ఇంత జాగ్రత్తగా ఏర్పాటు చేసికొనుట వివేకమా, లేక ప్రభువును శోధించుటయా? మంచు బాగుగా కురియవలెనని నేను ప్రార్థన చేసితిని, అది పాపమా?" అని అతని ప్రశ్న.

అతని తల్లి మా దేవాలయము వెనుక వీధిలోనే కాపురమున్నది. కుమారుడు ఆమెకును సంగతి చెప్పినాడు కాబోలు, ఆ సాయంత్రమే వచ్చి గుమ్మములో నిలువబడి, "అయ్యగారండీ, చెరువులో ఈతకే పంపనిదాన్ని. వీడు కొండమీంచి జారతాడంటండీ, అదీ గాలివానలోనంట. ఏం కర్మండీ" అన్నది. మేము ఆమెకు ధైర్యము చెప్పి పంపితిమి గాని, మాకు నిద్ర సరిగా పట్టలేదు.

రెండవ ప్రశ్నను ముందుగా తీసికొందము, అది సులువైనది గనుక. మన చినగంజాము ప్రాంతములో ఉప్పుమళ్లవారు ఎండకొరకు ప్రార్థించునప్పుడు ప్రక్క ఊరి రైతు వానకొరకు ప్రార్థించును. ఇద్దరి ప్రార్థనలును ఒక్క దేవుని యొద్దకే పోవును. ఆయన వానిని ఏలాగు సర్దునో మనకు తెలియదు, మనము సర్దనక్కరయు లేదు. మంచు అడుగుట పాపము కాదు. కాలిఫోర్నియా రాష్ట్రము వాడుకొను నీటిలో సుమారు నూటికి 30 వంతులు సియెర్రా నెవాడా కొండలమీద పడిన మంచు కరగుటవలననే వచ్చుచున్నది. ఈ బాలుడు ఆటకొరకు అడిగిన మంచే వేసవిలో అక్కడి రైతుల కాలువలలో పారును. వానయు హిమమును భూమిని తడిపి విత్తువానికి విత్తనమును, తినువానికి ఆహారమును ఇచ్చునని యెషయా 55వ అధ్యాయము చెప్పుచున్నది గదా. ఆటనుగూర్చి కూడ ఒక మాట. బుధవారపు ప్రార్థన కూటములో ఈ సంగతి వచ్చినప్పుడు ఒక పెద్ద, "క్రైస్తవునికి ఈ లోకపు వేడుకలెందుకు, వద్దని వ్రాసి ఊరకుండుడి" అన్నారు. ఆయన వయస్సును మేము గౌరవింతుము, గాని ఈ విషయములో ఆయనతో ఏకీభవింపలేము. సముద్రములో మకరము ఆడుకొనుటకై దేవుడు దానిని నిర్మించెనని 104వ కీర్తన చెప్పుచుండగా, మంచులో ఆడుకొను మనుష్యునిమీద ఆయన కోపించునని మేము తలంపము.

మొదటి ప్రశ్న ఇంత సులువు కాదు.

ఇట్టి ప్రశ్నకు జవాబు వెదకునప్పుడు మన మనస్సు వెంటనే యాకోబు పత్రికకు పోవును. నేడైనను రేపైనను ఫలాని పట్టణమునకు పోయి లాభము సంపాదింతుమని చెప్పుకొనువారిని ఆ అపొస్తలుడు గద్దించినాడు. కొందరు ఈ భాగమును చూపి, ఏర్పాట్లు చేసికొనుటయే అవిశ్వాసమందురు. అది పొరపాటు. ప్రభువే గోపురము కట్టువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని చెప్పెను. పడమట మబ్బు పైకి వచ్చుట చూచి వాన వచ్చునని జనులు చెప్పుదురనియు, అట్లే జరుగుననియు ఆయన ఒప్పుకొనెను (లూకా 12:54). సియెర్రా కొండలకును తుపానులు పడమటి సముద్రమునుండియే వచ్చును. ఆకాశమును చదువుట తప్పు కాదు. యాకోబు గద్దించినది లెక్కను కాదు, లెక్క వేసినవాని గర్వమును. ఆ రెంటికిని నడుమ గీత ఎక్కడ గీయవలెనన్నదే మన చిక్కు.

ఆ చిక్కును విప్పుటకు మాకు అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయముకంటె సహాయకరమైనది కనబడలేదు. పౌలును ఖైదీగా రోమాకు తీసికొనిపోవు ఓడ మంచిరేవులు అను స్థలమునకు చేరెను. ఉపవాసదినము గడచినది, అనగా సముద్రప్రయాణపు ఋతువు దాటిపోయినది. ప్రయాణము వద్దని పౌలు హెచ్చరించెను. యూలి అను శతాధిపతి ఎవరి మాట వినెనో చూడుడి. నావికుని మాటయు ఓడ యజమానుని మాటయు వినెను. ఎక్కువమంది కూడ పోవుదమనిరి. ఆ రేవు చలికాలము గడపుటకు అనుకూలము కాదట. ఇంతలో దక్షిణపు గాలి మెల్లగా వీచెను. తమ ఆలోచన సమకూడినదని తలంచి లంగరు ఎత్తిరి. కొంచెము సేపటికే ఊరకులోను అను పెనుగాలి వచ్చి ఓడను పట్టుకొనెను.

మా యౌవనస్థుని ఉత్తరమును ఈ అధ్యాయము ప్రక్కను పెట్టి చదివినప్పుడు ప్రతి మనుష్యుడును మాకు కనబడినాడు. ఆటలో ఆరితేరిన స్నేహితుడే నావికుడు. అతని నేర్పు నిజమైనదే. ఆ నావికుని నేర్పును నిజమైనదే. నలుగురిలో ముగ్గురు పోవుదమనిరి గనుక ఎక్కువమంది మాటయు అక్కడ ఉన్నది. ఓడ యజమానుడెవడు? ముందుగా కట్టిన గది అద్దె! యజమానుని కళ్లు గోధుమల మూటలమీద నున్నవి. ఆ సరకు నష్టపోకూడదను తలంపు అతని నోట గాలినిగూర్చిన అభిప్రాయముగా వెలువడినది. మనమును డబ్బు కట్టివేసిన తరువాత ఆకాశమును తేటగా చదువజాలము. పోయిన సొమ్ము, "పోవుదము, తెరపి యిచ్చును" అని మన చెవిలో చెప్పుచుండును. పెండ్లి ముహూర్తము కుదిరినదని, బండి కిరాయి ఇచ్చితిమని పొంగుచున్న వాగులో బండి దింపి కొట్టుకొనిపోయినవారి వార్తలను మనము ఏటేట వినుచునే యున్నాము.

దక్షిణపు గాలి యేది? బుధవారపు తెరపి. తుపానులో మిక్కిలి అపాయకరమైన భాగము అదేయని మాకు తోచుచున్నది, ఏలయనగా అది మన కోరికతో ఏకీభవించును. తూర్పు తీరమున తుపాను కన్ను నడినెత్తికి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోవుట మన పెద్దలకు తెలియును. వెలిసినదనుకొని బయటికి వచ్చినవారిమీదికి గాలి రెండవ ప్రక్కనుండి తిరిగి వచ్చును. మంచుతుపానులో తెరపి కలుగు కారణము వేరు, గాని మోసము ఒక్కటే.

ఆ కొండల సంగతి కొంత చెప్పవలెను. డానర్ కనుమ దగ్గర మార్గము 7,000 అడుగులకు పైగా ఎత్తున పోవును. 1846లో బండ్లమీద వలసపోవుచున్న ఒక గుంపు దగ్గరి దారియని వినిన దారిలో దిగి, అనేక దినములు పోగొట్టుకొని, ఆలస్యముగా ఆ కనుమకు చేరి మంచులో చిక్కుకొనెను. చిక్కినవారిలో సుమారు సగముమంది తిరిగి రాలేదు. కనుమకు వారి యింటిపేరే నిలిచినది. అక్కడ 1946నుండి మంచును కొలుచు పరిశోధనశాల యొకటి కలదు. 2022–23 చలికాలములో వారు కొలిచినది 754 అంగుళములు, అనగా 62 అడుగులకు పైమాట. ఒకేసారి నిలిచినది కాదు, ఋతువంతయు కురిసినదంతయు కూడగా. ఎదిగిన తాటిచెట్టు ఎత్తు! దారిమీద మంచు పడినప్పుడు చక్రములకు ఇనుప గొలుసులు కట్టనిదే బండ్లను పోనియ్యరు. ఈ కట్టడి మూడు మెట్లుగా నుండును. మూడవ మెట్టు రాకమునుపే తరచుగా మార్గమును మూసివేయుదురు. 2024 మార్చి 1న వచ్చిన తుపానులో ఆ గొప్ప రహదారి అట్లే మూయబడినది.

కొండమీద మరియొక అపాయమున్నది, మంచుచరియ. పాత మంచు గట్టిపడి నున్నగా నున్నప్పుడు దానిమీద తుపాను క్రొత్త మంచును కుప్పపోయును. గాలి దానిని ఒక ప్రక్కకు ఇంకను నెట్టి బరువు చేయును. 30నుండి 45 డిగ్రీల వాలు గల చోట్ల ఆ పొర ఒక్క మనుష్యుని బరువుకే విడిపోయి, కొండంతయు క్రిందికి నడచినట్లు వచ్చును. తుపాను కురియుచున్నప్పుడును, తరువాతి దినమునను ఇది మిక్కిలి ఎక్కువ. క్రింద పడినవానిని 15 నిమిషములలోగా త్రవ్వి తీసినయెడల బ్రదుకుటకు మంచి అవకాశమున్నది. అటుపిమ్మట అది త్వరత్వరగా తగ్గిపోవును. ఆట స్థలముల కాపలాదారులు తెల్లవారకముందే మందుగుండు పేల్చి ఆ పొరలను పడగొట్టుదురు. అంత చేసినను, 2024 జనవరి 10న, అదియు బుధవారమే, పాలిసేడ్స్ టాహో అను చోట ఆట తెరచిన కొద్దిసేపటికే చరియ విరిగి ఒకరు మరణించిరి. 1982 మార్చి 31న ఆల్పైన్ మెడోస్ అను చోట, అపాయమునుబట్టి ఆటను మూసివేసిన దినమందే, చరియ కట్టడములమీద పడి 7గురు చనిపోయిరి. అదియు బుధవారమే. శిథిలముల క్రింద నుండి ఒక యువతిని 5 దినముల తరువాత సజీవురాలిగా తీసిరి. ఆ దినములలో వెదకువారు పలుమారులు పని ఆపి దూరముగా పోవలసి వచ్చినది, తమమీదను చరియ పడునేమో అని.

ఈ వెదకువారి సంగతియే మా మనస్సును పట్టుకొన్నది. మన యౌవనస్థుడు తన లెక్కలో నలుగురిని వేసికొన్నాడు. ఐదవవానిని వేసికొనలేదు.

1952 జనవరి 13న ఆ కనుమ దారిలోనే సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో అను గొప్ప రైలు మంచులో కూరుకొనిపోయినది. అందులో 226గురుండిరి. మూడు దినములు చలిలో చిక్కియుండి, చివరకు అందరును బయటపడిరి. అయితే వారిని విడిపింప వచ్చిన మంచుత్రోపుడు యంత్రమును నడిపినవాడు చరియ తగిలి మరణించెను. రైలులోనివారు అపరాధులు కారు. వారు టికెట్టు కొనుక్కొని ప్రయాణమైన సామాన్యులు. గాని ఆ మనుష్యుని ప్రాణము వారి రక్షణ వెలలో చేరిపోయినది.

2 సమూయేలు 23లో దావీదు సంగతి మనకందరికి తెలిసినదే. అదుల్లాము గుహలో నున్నప్పుడు అతనికి తన ఊరి బావి నీళ్లమీద ఆశ పుట్టినది. దాహముతో చచ్చిపోవుచున్నాడని గ్రంథము చెప్పదు. అది ఇంటిమీది మనస్సు, అంతే. ముగ్గురు శూరులు ఫిలిష్తీయుల దండును చీల్చుకొనిపోయి, బేత్లెహేము గవినియొద్ద బావినుండి నీళ్లు తెచ్చిరి. దావీదు త్రాగలేదు. ప్రాణమునకు తెగించి పోయినవారి రక్తము వంటివని యెంచి, ఆ నీళ్లను యెహోవా సన్నిధిని పారబోసెను. నీళ్లలో దోషము లేదు, ఆశలోను దోషము లేదు. ఒకని వేడుక మరియొకని ప్రాణముతో కొనబడకూడదని అతనికి ఆలస్యముగా తెలిసినది. (ఈ అధ్యాయములోనే, కొంచెము క్రింద, మంచు కురియు కాలమున గోతిలోనికి దిగి సింహమును చంపిన బెనాయా కనబడును. మంచులో సాహసము చేసినవాడు పరిశుద్ధ గ్రంథములో లేకపోలేదని మా మిత్రునికి వ్రాసితిమి. గాని బెనాయా గోతిలోనికి ఒంటరిగా దిగెను.)

ఇక్కడ మనవారు ఒక మాట అడుగవచ్చును. మన జాలరులు తుపాను సూచన వినియు సముద్రముమీదికి పోవుట లేదా? రేవులో ప్రమాద సూచిక ఎగురవేసిన తరువాత కూడ, వలల అప్పు తీర్చవలెనని పడవ త్రోసినవారిని మేమెరుగుదుము. వారు పోయిన తరువాత వారికొరకును ఇతరులు పోవలసి వచ్చును. వారిని తప్పు పట్టుదుమా? మేము పట్టజాలము. ఆకలి ముందర నిలిచినవాడు వాయిదా వేయజాలడు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేలకు పైగా చనిపోయిరి. వారిలో ఎందరు హెచ్చరిక వినక చనిపోయిరి! వినినవారిలోను కొందరికి పోవుటకు చోటు లేదు. ఆట ఆడువాని స్థితి అది కాదు. అతనికి వారము రోజులు ముందుగా సూచన వచ్చుచున్నది, గంట గంటకు ఫోనులో చూచుకొనగలడు, వెచ్చని గది యున్నది, మరుసటి వారము కూడ మంచు ఉండును. వాయిదా వేసికొనగల భాగ్యము అతనికి ఉన్నది. అది లేక ఎందరో మునిగిపోయిరి. ఉన్నవాడు దానిని వాడుకొనక, లేనివానివలె తెగించుట ధైర్యమని మాకు తోచలేదు. ఆకలికి తెగించువానికి మనము ఇచ్చు క్షమాపణను వేడుకకు తెగించువాడు అరువు తెచ్చుకొనరాదు.

జ్వరమని చెప్పదలచిన స్నేహితుని గూర్చి ఎక్కువ వ్రాయనక్కరలేదు. అబద్ధము అబద్ధమే. అయినను ఒక సంగతి గమనింపదగినది. జ్వరమని చెప్పి కొండకు పోయినవాడు, దారి మూసినప్పుడు గురువారము ఉదయము కార్యాలయములో కనబడక తప్పదు గనుక, మూసిన దారిలో కూడ దిగివచ్చుటకు తొందరపడును. ఆ బండిలో తక్కిన ముగ్గురుందురు. ఒకడు చెప్పిన అబద్ధము నలుగురిని కొండమీదనుండి త్రోయగలదు. ఎక్కడికి పోవుచున్నామో ఎవరికిని తెలియకుండ పోయినవారిని వెదకుటయు కష్టమే.

కాబట్టి మేము అతనికి ఇట్లు వ్రాసితిమి. "నాయనా, ఆట మానుమని మేము చెప్పము. నీ లెక్కలో ఐదవవానిని కలుపుకొని తిరిగి లెక్క వేయుము. గది అద్దె పోయినదనుకొని, అది పోయిన తరువాత కూడ పోవుదువా అని నిన్ను నీవే అడుగుము. రెండుసార్లు మాత్రమే ఆడినవాడు నలుగురి యెదుట భయమని చెప్పలేడు. అతనిని ప్రత్యేకముగా అడుగుము. హెచ్చరిక ఏ మెట్టునకు వచ్చిన మానుకొందురో ఇంటియొద్దనే, మంచు కంటికి కనబడకముందే, నలుగురు ఒప్పుకొనుడి. కొండమీద ఒప్పుకొనలేరు. ఆదివారము రాత్రి మీ అమ్మకు ఫోను చేయుము."

పదిదినములకు రెండవ ఉత్తరము వచ్చినది. అది చదివినప్పుడు మేము మొదట కొంత కలవరపడితిమి.

వారు మా మాట విని మానుకొనిరి. సోమవారమున హెచ్చరిక పెద్ద మెట్టునకు వచ్చినది గనుక, ముందుగా ఒప్పుకొనిన ప్రకారము గదిని వదలుకొనిరి. జ్వరమని చెప్పదలచినవాడు నిజము చెప్పి సెలవు అడిగెను. ఆ బుధవారమునకు దొరకలేదు, మరుసటి వారమునకు దొరకినది. అంతవరకు బాగుగానే యున్నది. అయితే తుపాను రెండవ భాగము ఉత్తరమునకు తొలగిపోయినదట! బుధవారమంతయు నీలాకాశము. ఆ దినము కొండకు పోయినవారు ఆ యేటి కెల్ల శ్రేష్ఠమైన మంచుమీద ఆడుకొని, పగలే సురక్షితముగా దిగివచ్చి, చిత్రములు పంపిరి. "నీ అయ్యగారి మాట విని మనము వెఱ్ఱివారమైతిమి" అని స్నేహితులు అతనిని ఆటపట్టించుచున్నారట. "మన నిర్ణయము తప్పాయెనా అండీ?" అని అతడు అడిగినాడు.

ఈ ప్రశ్న మొదటిదానికంటె లోతైనది. మంచిరేవులయొద్ద ఆ దక్షిణపు గాలి రెండు దినములు నిలిచి, ఓడ ఫీనిక్సు రేవునకు సుఖముగా చేరియుండిన యెడల, పౌలు తప్పు చెప్పినవాడగునా? నావికుడు అతనిని ఆటపట్టించి యుండునేమో. శతాధిపతి ఇకమీదట ఖైదీల మాట విననని ఒట్టు పెట్టుకొని యుండునేమో. అయినను పౌలు చెప్పినది ఋతువునుబట్టి చెప్పినాడు, ఆ గడియలో తెలిసినదానినిబట్టి చెప్పినాడు. గాలి తరువాత ఏమి చేసినదో అది పౌలు మాటను మంచిదిగానో చెడ్డదిగానో చేయజాలదు. అట్లే, ఆ బుధవారము కొండకు పోయి సుఖముగా వచ్చినవారు, తమ లెక్క సరియైనదను పాఠము నేర్చుకొని వచ్చినారు. వచ్చు చలికాలములో ఆ పాఠమును వాడుకొందురు. వారినిగూర్చి మాకు భయముగా నున్నది.

ఇంతటితో మేము ఊరకుందుమని తలంచితిమి గాని, ఒక వచనము మమ్మును విడువలేదు. గాలిని కనిపెట్టుచుండువాడు విత్తడని ప్రసంగి 11:4 చెప్పుచున్నది గదా. ఎల్లప్పుడును ఆకాశమువంక చూచుచు చేతులు కట్టుకొని కూర్చున్నవానికి అది తగిన గద్దింపు. మనలో అట్టివారును ఉన్నారు. వానవచ్చునేమోనని ఆరాధనకు రానివారు సంతకు మాత్రము గొడుగు వేసికొని పోవుట మేము చూచినాము. అయితే విత్తుట ఋతువునకు కట్టుబడిన పని. ఆ పక్షము దాటినయెడల ఏడాది తిండి పోవును. ఆ వచనము విత్తువానికి వ్రాయబడినది. ఆడువానికి ఎంతవరకు చెల్లునో మేము తేల్చలేకపోయితిమి. అతనికిని అట్లే వ్రాసితిమి. అతని నిర్ణయము తప్పు కాదని మాత్రము నిశ్చయముగా వ్రాసితిమి, గది అద్దె పోయినందుకు విచారించితిమి.

మూడవ ఉత్తరము ఈ నెలలో వచ్చినది. ఆ మరుసటి బుధవారము నలుగురును పోయిరట. మంచు అప్పటికి గట్టిపడి, పగటి యెండకు కరగి, రాత్రి చలికి రాయివలె అయిపోయినది, దూదివలె లేదు. అతడు రెండుసార్లు పడినాడట. రెండుసార్లు మాత్రమే ఆడినవాడు వీరందరికంటె ఎక్కువగా నవ్వినాడట. ఆ ఉత్తరమును తల్లికి చదివి వినిపించితిమి. ఆమె రెండవసారి చదివించుకొని, "మోకాలు వాచిందేమో అడగండయ్యగారూ. ఆ గొలుసులు బండికి కట్టారో లేదో కూడా రాయలేదు, అదీ అడగండి" అన్నది.